ఉడికిన బంగాళాదుంప ఎందుకు నురగ కక్కదు?

దెబ్బ తగిలిన చోట హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే తెల్లగా నురగ పొంగుతుంది. పచ్చి బంగాళాదుంప ముక్క మీద పోసినా అంతే, కోసిన వైపంతా బుడగలు లేస్తాయి. ముక్కను బాగా ఉడికించి, చల్లార్చి పోస్తే మాత్రం దాదాపు ఉలుకూ పలుకూ ఉండదు.

పెరాక్సైడ్ సీసాలో ఉన్నప్పుడు కూడా నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతూనే ఉంటుంది, కాకపోతే చాలా నెమ్మదిగా. విడిపోవాలంటే ముందు మోల్‌కు సుమారు 75 కిలోజౌళ్ల శక్తి గట్టు దాటాలి. అంత ఎత్తు ఎక్కనక్కర్లేని అడ్డదారి చూపించేదే ఉత్ప్రేరకం. దీన్ని పాలల్లో వేసే తోడుతో పోలుస్తుంటారు. నాకు ఆ పోలిక నచ్చదు. తోడులోని బాక్టీరియా పెరుగుతుంది, ఉత్ప్రేరకం పెరగదు, తరగదు.

పెరాక్సైడ్‌లో పొటాషియం అయొడైడ్ వేస్తే, అయొడైడ్ అయాన్ ఒక అణువు నుంచి ఆక్సిజన్ పరమాణువును లాక్కుంటుంది. రెండో అణువు రాగానే దాన్ని వదిలేస్తుంది. ఆక్సిజన్ వాయువు బయటికి పోతుంది, అయాన్ మళ్లీ మామూలైపోతుంది. బంగాళాదుంపలో, మన రక్తంలో ఉండే కెటలేజ్ అనే ఎంజైమ్, అంటే ఉత్ప్రేరకంగా పనిచేసే ప్రోటీన్, చేసేదీ ఇదే! అక్కడ లాక్కునేది, వదిలేది ఆ ప్రోటీన్‌లో ఇమిడి ఉన్న హీమ్ అనే భాగంలోని ఇనుము. వేగం మాత్రం సెకనుకు లక్షల అణువులు.

నేను చదువుకున్నప్పుడు అయొడైడ్ ఫిజికల్ కెమిస్ట్రీలో, కెటలేజ్ బయోకెమిస్ట్రీలో ఉండేవి. రెండూ ఒకటే కథ అని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. నిజానికి 1818లో పెరాక్సైడ్‌ను కనిపెట్టిన ఫ్రాన్స్ శాస్త్రవేత్త థెనార్ అప్పట్లోనే గమనించాడు, ప్లాటినం లాంటి లోహాలూ, రక్తం నుంచి తీసిన ఫైబ్రిన్ అనే ప్రోటీన్ కూడా దాన్ని విడగొడుతున్నాయని. 1835లో స్వీడన్‌లో బెర్జీలియస్ ఇలాంటి వాటన్నిటినీ ఒకచోట చేర్చి ‘కెటాలిసిస్’ (ఉత్ప్రేరణ) అని పేరు పెట్టాడు. పుట్టినప్పుడు ఒకే కుటుంబం. వేరు కాపురాలు పెట్టించింది మన సిలబస్సులే.

ఇక ఉడికిన ముక్క సంగతి. ఉడికిస్తే ఇనుము ఎక్కడికీ పోదు, దాన్ని సరైన తీరులో పట్టి ఉంచిన ప్రోటీన్ మడతలు విప్పుకుంటాయి. అయితే ప్రతి పనికీ అంత పెద్ద ప్రోటీన్ కావాలా? ఎంజైమ్‌లో అసలు పని చేసేది దాని ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో కొన్నే అయిన చోట, ఒక్కటి చాలదా? ఆర్గానిక్ కెమిస్ట్ బెంజమిన్ లిస్ట్‌కు వచ్చిన సందేహం ఇదే. ప్రోలీన్ అనే మామూలు అమైనో ఆమ్లాన్ని రెండు కార్బన్ అణువులను కలిపే ఆల్డాల్ చర్యలో ఉత్ప్రేరకంగా వేసి చూశాడు. పని చేసింది. 2000లో ఆ ఫలితం అచ్చయింది. 2021లో డేవిడ్ మెక్‌మిలన్‌తో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు.