కథలంటే ప్రాణం, రాయమంటే మాత్రం పరార్: అపోహలు - వాస్తవాలు

"మా వాడు కథలు గంటసేపు చెప్తాడు మేడం, రాయమంటే ఒక్క ముక్క రాయడు." ప్రాథమిక బడిలో తెలుగు చెప్పే నాకు పేరెంట్స్ మీటింగ్ జరిగిన ప్రతిసారీ ఈ మాట వినిపిస్తుంది. ఇలాంటి పిల్లల దగ్గర కథలకు కరువుండదు. కథ కాగితం మీదికి రాకుండా ఏదో అడ్డం పడుతోంది. అదేమిటో చూడకుండా మనం పెట్టే ఒత్తిడి వెనక ఎక్కువగా ఈ కింది అపోహలే ఉంటాయి.

అపోహ: చెప్పగలిగినవాడు రాయలేకపోవడమేంటి? అంతా బద్ధకం.

వాస్తవం: చెప్పేటప్పుడు మనసంతా కథ మీదే ఉంటుంది. రాసేటప్పుడు గుణింతం గుర్తు తెచ్చుకోవాలి, ఏ అక్షరానికి ఏ ఒత్తో చూసుకోవాలి, గీత దాటకుండా చెయ్యి తిప్పాలి. మూడో తరగతి పిల్లల్లో చాలామందికి ఇవింకా చేతికి అలవాటు కావు. "గుర్రం" అని రాయడం పూర్తయ్యేసరికి ఆ గుర్రం ఎటు పోతోందో మర్చిపోతారు.

అందుకే మొదట్లో వాళ్లు చెప్తారు, నేను రాస్తాను. నాలుగో తరగతి పిల్లాడొకడు "ఒక ఊరిలో ఒక బర్రె ఉండెను" అని రాసి పెన్ను పక్కన పెట్టేశాడు. పక్కన కూర్చుని, చెప్పరా అన్నాను. పిడుగు చప్పుడుకి తాత బర్రె బెదిరిపోవడం, తాడు తెంచుకుని చెరువులో దిగడం, తాత గట్టు మీద నిలబడి దాన్ని బతిమాలడం అన్నీ చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు రాసి చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపాడు. "కాదు టీచర్, తాడు అప్పుడే తెగలే. ముందు గుంజ ఊగింది, తర్వాత తెగింది." రచయితలు చేసే దిద్దుబాటు సరిగ్గా ఇదే. పెన్ను పట్టకుండానే ఆ పని చేసేశాడు. చివరి వాక్యం మాత్రం వాడి చేతే రాయించాను. వచ్చే కథకి చివరి రెండు వాక్యాలు, ఆ తర్వాత సగం కథ. అలా మెల్లగా పెన్ను వాళ్ల చేతికి వెళ్తుంది.

అమెరికాలో, షికాగోలో కిండర్‌గార్టెన్ టీచర్‌గా పనిచేసిన వివియన్ పేలీ కూడా పిల్లలు చెప్పిన కథల్ని రాసుకునేవారు. తర్వాత ఆ కథల్ని తరగతిలో పిల్లలచేతే ఆడించేవారు. తన మాటల్ని తోటిపిల్లలు నటిస్తుంటే చూసిన పిల్లకి రాయడం ఎందుకో వేరే చెప్పాల్సిన పని లేదు. ఇంట్లో తీరిక లేకపోతే ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ వాడండి. అది తప్పుగా విన్న మాటల్ని పిల్లల పక్కన కూర్చుని సరిచేయండి.

అపోహ: తప్పు కనబడగానే దిద్దాలి, లేకపోతే అదే అలవాటైపోతుంది.

వాస్తవం: పేజీ నిండా ఎర్ర సిరా చూసిన పిల్లలు మరుసటిసారి తప్పుల్లేకుండా రాస్తారు, నిజమే. ఎలా అంటే, తప్పు వచ్చే అవకాశం ఉన్న మాటల్నే మానేస్తారు. "బిక్కుబిక్కుమంటూ కూర్చుంది" అని నోటితో చెప్పిన పిల్ల కాగితం మీద "భయం వేసింది" అని రాస్తుంది. ఒత్తుల గొడవ తప్పింది గానీ కథలో ప్రాణం పోయింది. మొదటి ప్రతిలో నేను తప్పుల జోలికి పోను. కథ పూర్తయ్యాక, నలుగురికీ చూపించే ముందు, ఒక్క రకం తప్పు మాత్రమే తీసుకుంటాను. ఈసారి దీర్ఘాలు, వచ్చేసారి ఒత్తులు.

అపోహ: ఇంటి భాషలో రాయనివ్వకూడదు.

వాస్తవం: గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, పుస్తకాల భాష పిల్లలకు ఎంత దూరంగా ఉందో గమనించి వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. 1863లో ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆ రోజు బడిలో ఆయన ఫోటోకి దండ వేసి, మర్నాడు పిల్లాడు "ఉరికింది" అని రాస్తే కొట్టేసి "పరుగెత్తింది" అని దిద్దడం నాకు చాలా బాధనిపిస్తుంది. శ్రీకాకుళం పిల్లల కథలో శ్రీకాకుళం, కరీంనగర్ పిల్లల కథలో కరీంనగర్ వినబడాలి. పరీక్షలో ఎలా రాయాలో వేరే పాఠంగా చెప్పొచ్చు.

అపోహ: విన్న కథని అటూ ఇటూ మార్చి రాస్తే అది కాపీ.

వాస్తవం: జానపద కథలన్నీ అలా మారుతూనే మన దాకా వచ్చాయి. మొరాయించే పిల్లలకు నేను ముందుగా ఇచ్చేది ఏడు చేపల కథే. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డిమోపు ఎందుకుందంటే ఆవు మేయలేదు. చివరికి చీమ "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అనేదాకా గొలుసు సాగుతుంది. అల్లిక ముందే ఉంది కాబట్టి తర్వాత ఏం రాయాలన్న టెన్షన్ ఉండదు. "బస్సూ బస్సూ, ఎందుకు రాలేదు?" అని బోర్డు మీద రాస్తే చాలు. డ్రైవర్ టీ తాగుతున్నాడు, టీ ఇంకా మరగలేదు, పాలబ్బాయి రాలేదు, వాళ్ల బర్రె తన్నింది... ప్రశ్న ఒకరు, జవాబు ఒకరు రాస్తూ పోతారు. పిల్లలు నవ్వుకుంటూ పేజీ తిప్పేస్తారు.

అపోహ: రోజూ చూచిరాత రాయిస్తే కథలు రాయడం వస్తుంది.

వాస్తవం: దస్తూరీ బాగుపడుతుంది, అంతవరకే. అల్లరి చేసినందుకు ఇంపోజిషన్ రాయిస్తే మాత్రం రాయడమంటేనే శిక్ష అనుకుంటారు.

అపోహ: పోటీలు, బహుమతులు పెడితే హుషారుగా రాస్తారు.

వాస్తవం: ముందే బాగా రాసేవాళ్లు హుషారుగా రాస్తారు. వెనకాడే పిల్లలు ఇంకా వెనక్కి పోతారు. వాళ్లకు కావలసింది తాము రాసింది చదివే మనిషి. ఒక తెల్ల కాగితాన్ని మడతపెట్టి మధ్యలో కత్తిరిస్తే 8 పేజీల చిన్న పుస్తకమవుతుంది. అట్ట మీద బొమ్మ, కింద పేరు. దాన్ని తరగతి పుస్తకాల పక్కనే పెడతాను, ఇంటికీ పంపిస్తాను. చదివిన పెద్దవాళ్లకు నాదొక విన్నపం: "వెరీ గుడ్" అని ఊరుకోకండి. "గట్టు మీద తాత ఏమని బతిమాలాడు?" అని అడగండి. ఆ జవాబు తర్వాతి కథలోకి వస్తుంది.

అపోహ: వయసు పెరిగితే అదే సర్దుకుంటుంది.

వాస్తవం: చాలామందికి సర్దుకుంటుంది, అందరికీ కాదు. నోటితో చక్కగా చెప్పే పిల్లలు ఎంత సాయం చేసినా రెండు లైన్లకే చెయ్యి నొప్పి అంటున్నా, నేర్చుకున్న అక్షరాలే మళ్లీ మళ్లీ తారుమారవుతున్నా ముందు కళ్లు చూపించండి. చూపు బాగానే ఉంటే డిస్‌గ్రాఫియా, అంటే రాయడంలో ఇబ్బంది పెట్టే అభ్యసన వైకల్యం, ఉందేమో నిపుణులతో పరీక్ష చేయించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాలను కూడా గుర్తించింది. సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు సీబీఎస్‌ఈ పరీక్షల్లో అదనపు సమయం, అవసరమైతే స్క్రైబ్ (వాళ్లు చెప్తుంటే జవాబులు రాసిపెట్టే మనిషి) సౌకర్యం ఉంది. మీ పిల్లలది వేరే బోర్డైతే ఏయే సౌకర్యాలున్నాయో హెడ్మాస్టర్‌ని అడగండి. నిపుణుల దగ్గర ఆ పరీక్షలన్నీ అయ్యేదాకా వాళ్లు కథ చెప్తుంటే మీరు రాసిపెట్టండి.