తులిప్‌లు మరుసటి ఏడాది ఎందుకు పూయవు? అపోహలు – వాస్తవాలు

న్యూజెర్సీలో ఇళ్ల ముందు తోటలు వేయడం నా పని. ఏటా మే నెలలో మనవాళ్లు అడిగేది ఒకటే: "అక్కా, పోయినేడు విరగబూసిన తులిప్‌లు ఈసారి ఒట్టి ఆకులే వేశాయి, ఏమైంది?" చాలాసార్లు జవాబు పోయిన మే నెలలో వాళ్లు చేసిన పనిలోనే దొరుకుతుంది.

అపోహ: పూలు వాడిపోయాక ఆకులు కోసేస్తే మొక్కకు మంచిది.

వాస్తవం: నేను చూసినంతలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే పని ఇదే. దుంపలో దాచుకున్న తిండి పువ్వు పూసేసరికి దాదాపు అయిపోతుంది. మళ్లీ నింపేది ఆకులే. తులిప్‌లో ఇంకో సంగతి ఉంది. మనం నాటిన దుంప పూసిన ఏడాదే ఎండిపోయి, దాని స్థానంలో పిల్ల దుంపలు పుడతాయి. వచ్చే వసంతంలో పూయాల్సింది అవే. ఆకులు త్వరగా పోతే పిల్లలు ఊరవు, ఒక్క వెడల్పాటి ఆకు వేసి ఊరుకుంటాయి. కాబట్టి పువ్వు వాడగానే గింజ కట్టకుండా తల మాత్రం తుంచండి. ఆకుల్ని సుమారు ఆరు వారాలు, పండి పసుపురంగుకు తిరిగేదాకా ముట్టుకోకండి. తులిప్‌లాగే దుంప నుంచి వచ్చి వసంతంలో పూసే డాఫడిల్ ఆకుల్ని జడలా అల్లి ముడి వేస్తారు కొందరు, అదీ వద్దు. ఆకుకు ఎండ తగలాలి. చూడ్డానికి బాగోలేదనుకుంటే ముందు వరసలో హోస్టాలు, డే లిల్లీలు లాంటి గుబురు మొక్కలు నాటండి, అవి పెరిగి కప్పేస్తాయి.

అపోహ: ఏ తులిప్ అయినా ఒకసారి నాటితే ఏటా పూస్తుంది.

వాస్తవం: తులిప్ పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు. అక్కడ చలికాలం గడ్డకట్టే చలి, ఎండాకాలం పొడి వేడి. ఇక్కడేమో వేసవంతా వానలు, ఉక్క, పైగా లాన్ స్ప్రింక్లర్. నిద్రలో ఉన్న దుంప ఆ తడికి కుళ్లిపోతుంది. నెదర్లాండ్స్ రైతులు కూడా వేసవిలో దుంపలు తవ్వి, పొడిగా నిలవ చేసి, చలికి ముందు మళ్లీ నాటుతారు. డబుల్, ప్యారట్ రకాలు కొంటే ఒక్క ఏడాది ముచ్చట అనుకోండి. మళ్లీ మళ్లీ పూయాలంటే డార్విన్ హైబ్రిడ్‌లు గానీ, టార్డా, క్లూసియానా లాంటి చిన్న తులిప్‌లు గానీ తీసుకోండి, నీళ్లు నిలవని చోట నాటండి.

నన్నడిగితే డాఫడిల్స్ ఇంకా నమ్మకం. వాటిలో విషం ఉంటుంది కాబట్టి జింకలు, ఉడతలు జోలికి రావు. ఆ విషం వల్లే, కొన్న దుంపల్ని వంటింట్లో ఉల్లిపాయల దగ్గర మాత్రం పెట్టొద్దు. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి.

అపోహ: గుంతలో గుప్పెడు బోన్‌మీల్ (ఎముకల పొడి) వేస్తే చాలు.

వాస్తవం: కొన్న మంచి దుంపలో మొదటి ఏడాది పువ్వు లోపల తయారయ్యే ఉంటుంది. బోన్‌మీల్ ఇచ్చేది ముఖ్యంగా భాస్వరం, చాలా తోటల మట్టిలో అది సరిపడా ఉంటుంది. పైగా ఆ వాసనకి కుక్కలొచ్చి తవ్వేస్తాయి. మొలకలు నేల పైకి రాగానే కాస్త ఎరువు వేయండి.

అపోహ: పూయడం తగ్గిన డాఫడిల్స్ ముసలివైపోయాయి, తీసి పారేయాలి.

వాస్తవం: చాలావరకు ఇరుకు వల్లే. ఆకులు ఎండాక తవ్వి, విడదీసి, ఆరంగుళాల లోతున మళ్లీ నాటండి.

అపోహ: హైదరాబాద్‌లోనూ దుంపల్ని చలి కోసం ఫ్రిజ్‌లో పెడితే తులిప్‌లు ఏటా పూస్తాయి.

వాస్తవం: 12 నుంచి 16 వారాలు ఫ్రిజ్‌లో ఉంచి నాటితే ఒకసారి పూస్తాయి. ఫ్రిజ్‌లో పక్కన యాపిల్స్ ఉంటే వాటి నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకి లోపలి మొగ్గ చచ్చిపోతుంది. పూశాక మాత్రం మన ఎండలకు ఆకులు తొందరగా మాడిపోతాయి, దుంప నిండదు. శ్రీనగర్‌లోని తులిప్ తోటకే నెదర్లాండ్స్ నుంచి దుంపలు తెప్పిస్తుంటారు. మా అమ్మ తులిప్‌లు కావాలంటే వద్దన్నాను. ఆవిడ కుండీలో ఎర్రటి బంతిలా పూసే మే పువ్వు ఉంది. వానాకాలమంతా దాని ఆకులు కోయకుండా, చలికాలంలో అవి ఎండాక నీళ్లు తగ్గించమని చెప్పాను. ఏటా ఎండాకాలం తప్పకుండా పూస్తోంది.