చెత్తగుట్టకి డీజిల్ ఎందుకు?

ప్రియమైన పిల్లలకు,

"చెత్త తెచ్చి పోసేస్తే గుట్ట దానంతటది పడుంటుంది కదా! మరి డంపింగ్ యార్డు పెద్దది చేస్తే డీజిలూ కరెంటూ ఎందుకు పెరుగుతాయి?" అని మీలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. ఈ లెక్క దగ్గర పెద్దవాళ్లే తడబడతారు.

నూతిలో నీళ్లు తోడటం ఊహించుకోండి. ఎండలు ముదిరి నీళ్లు అడుక్కి పోయాయి. చేద అదే, అందులో పట్టే నీళ్లూ అవే. కానీ తాడు పొడుగైంది, చేతులు లాగేస్తున్నాయి. చెత్తగుట్ట అంటే తిరగేసిన నుయ్యి. గుట్ట పెరిగేకొద్దీ లారీ ఎక్కి దిగే దారి పొడుగవుతుంది. రోజూ వచ్చే చెత్త ఒక్క టన్ను పెరగకపోయినా డీజిల్ పెరుగుతుంది. అందుకే "ఇప్పుడు టన్నుకి ఇన్ని లీటర్లు, రేపు ఇన్ని టన్నులు, గుణించేద్దాం" అంటే జవాబు తక్కువొస్తుంది.

ముందు ఇప్పటి ఖర్చు తేలాలి. 12 నెలల లెక్క తీయాలి, వేసవీ వానాకాలమూ రెండూ అందులో పడాలి. టన్నులు, లారీని తూచే వేబ్రిడ్జి ఇచ్చే చీటీల్లో ఉంటాయి. చెత్త పరిచే డోజరు, ఇనుప పళ్ల చక్రాలతో తొక్కే కంప్యాక్టరు, మట్టి తవ్వే ఎక్స్‌కవేటరు, వీటిలో ఏది ఎన్ని గంటలు నడిచి ఎన్ని లీటర్లు తాగిందో లాగ్‌బుక్‌లో ఉంటుంది. కరెంటుకి మాత్రం మీటరునే నమ్మాలి. మోటారు మీద రాసిన కిలోవాట్లని గంటలతో గుణిస్తే అది ఊహే అవుతుంది. జనరేటరుకి పోసిన డీజిల్‌ని ఒకసారి డీజిల్‌గా, మళ్లీ కరెంటుగా రెండుసార్లు రాసేయడం తరచూ జరిగే పొరపాటు. లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది కాబట్టి అన్నిటినీ యూనిట్లలోకి మార్చుకోవచ్చు.

ఇప్పుడు మళ్లీ నూతి దగ్గరికి రండి. బరువంతా తాడు పొడుగులోనే లేదు, గిలకలోనూ ఉంది. తుప్పు పట్టిన గిలక మీద తోడితే లోతు తక్కువైనా ఒళ్లు హూనమవుతుంది. గుట్ట మీద ఆ గిలక ఏమిటంటే, దారి. ఒక టన్నుని 10 మీటర్ల ఎత్తుకి చేర్చడానికి, ఇంజను వేడిగా పోగొట్టుకునేది కలుపుకున్నా, 10 మిల్లీలీటర్ల లోపు డీజిల్ చాలు! గట్టి రోడ్డు మీద బండిని నడపడానికి దాని బరువులో నూటికి రెండు వంతుల బలం సరిపోతుంది. చక్రాలు దిగబడే మెత్తటి చెత్త మీద అది నూటికి 10 దాటొచ్చు. నూటికి 10 అంటే, ఒక కిలోమీటరు నడిస్తే 100 మీటర్లు నిట్టనిలువునా ఎక్కినంత పని. పైగా చేద బరువు కూడా మనమే మోసినట్టు, లారీ తన బరువునీ మోసుకెళ్లాలి. అది ఖాళీగా దిగొచ్చేటప్పుడూ తప్పదు. కాబట్టి విస్తరణ ప్లానులో గుట్ట ఎత్తు కంటే ముందు నేను దారిని చూస్తాను. ఎంత పొడుగు? కంకర పరిచారా? వానకి బురదవుతుందా?

వాన మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఒక హెక్టారు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 10,000 లీటర్లు. కొంత ఆవిరవుతుంది, కొంత పక్కకి జారిపోతుంది. చెత్తలోకి ఇంకినది నల్లటి ఊటగా అడుక్కి దిగుతుంది, దాన్ని లీచేట్ అంటారు. దాన్ని తోడటానికి అయ్యే కరెంటు తక్కువే, సన్నటి వడపోత పొరల గుండా నెట్టి శుభ్రం చేయడానికే ఎక్కువ. అందుకే కొత్త స్థలమంతా ఒకేసారి తెరవకూడదు. ఒక చిన్న గడి తెరిచి, నింపి, కప్పి, అప్పుడు పక్కది తెరవాలి.

"గుట్టలోంచి గ్యాసు వస్తుందిగా, దాంతో కరెంటు చేసుకోవచ్చుగా!" అంటారేమో. నిజమే. అందులో సగం మీథేన్. ఘనమీటరు గ్యాసుతో ఇంజను రెండు యూనిట్లకి కాస్త తక్కువ ఇస్తుంది. కానీ డీజిల్ ఇవాళ ఖర్చవుతుంది, గ్యాసు మెల్లగా ఏళ్ల తరబడి వస్తుంది, వచ్చిందంతా గొట్టాలకి చిక్కదు. ఆశపడి బ్లోయరుతో, అంటే గ్యాసుని లాగే ఫ్యానుతో, గట్టిగా పీలిస్తే గాలి లోపలికి చొరబడుతుంది. గాలి తగిలితే మీథేన్ చేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, లోపల నిప్పు కూడా రాజుకోవచ్చు. ఆ బ్లోయరు నిజంగా లాగేది 5 కిలోవాట్లే అయినా రాత్రీపగలూ తిరిగితే ఏడాదికి 43,800 యూనిట్లు. యార్డు గేటు మూసేశాక కూడా అది తిరుగుతూనే ఉండాలి, పంపులూ ఆగకూడదు. ఆ సంవత్సరాలని లెక్కలో రాయని కాగితాన్ని నేను ఒప్పుకోను.

ఇక మీరు చేయాల్సిన పని. ఒక బొమ్మబండిలో రాళ్లు నింపి, రబ్బరుబ్యాండు కట్టి నున్నటి పలక మీద లాగండి. రబ్బరు ఎంత సాగిందో స్కేలుతో కొలవండి. తర్వాత ఇసుకలో లాగి కొలవండి. ఆ పలకని ఎంత వాలుగా ఎత్తితే రబ్బరు ఇసుకలో సాగినంతే సాగుతుందో చూసి, నాకు రాసి పంపండి.

మీ తాతయ్య