స్టార్టర్ డబ్బాలో రిలే: అపోహలు - వాస్తవాలు

కావలి నుంచి రామాయపట్నం దాకా రొయ్యల చెరువుల మీద ఏరేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) స్టార్టర్లు బాగుచేసే పని నాది. రిలే గురించి చెరువు గట్ల మీద వినే మాటల్లో సగం తేడాగానే ఉంటాయి.

అపోహ: ఓవర్‌లోడ్ రిలే ఉంటే మోటారు కాలదు.

వాస్తవం: మోటారుకు పోయే కరెంటును ఓవర్‌లోడ్ రిలే తనంతట తాను ఆపదు. లోడ్ ఎక్కువైతే లోపలి బైమెటల్ పట్టీలు వేడెక్కి వంగుతాయి, 95-96 అనే చిన్న పాయింటు విడిపోతుంది. ఆ పాయింటు కాంటాక్టర్ (మోటారు కరెంటును కలిపి, తెంచే పెద్ద స్విచ్చు) కాయిల్‌కు సిరీస్‌లో ఉంటుంది. కాయిల్‌కు సప్లై పోగానే స్ప్రింగు ఆర్మేచర్‌ను (కాయిల్ లాగి పట్టే ఇనుప ముక్కను) వెనక్కి తోస్తుంది, అప్పుడు మోటారు ఆగుతుంది. కాంటాక్టర్ పాయింట్లు కరిగి అతుక్కుపోయి ఉంటే? రిలే ట్రిప్ అవుతుంది, మోటారు మాత్రం తిరుగుతూనే కాలిపోతుంది.

రాత్రిళ్లు మాటిమాటికీ ట్రిప్ అవుతోందని 95-96 మధ్య వైరు ముక్క బిగించే మహానుభావులున్నారు. అక్కడ రిలే ఉన్నా లేనట్టే. రిలే డయల్‌ను మోటారు ప్లేటు మీదున్న ఆంపియర్లకు పెట్టాలి, ట్రిప్ కానంత పైకి కాదు.

అపోహ: లో వోల్టేజీకి కాంటాక్టర్ కాయిల్‌లో కరెంటూ తగ్గుతుంది, ఇక కాలేదెక్కడ?

వాస్తవం: డీసీ కాయిల్‌కు ఆ మాట సరే. ఏసీ కాయిల్ అలా కాదు. ఆర్మేచర్ పూర్తిగా ఆనితేనే దానిలో కరెంటు తగ్గుతుంది. వోల్టేజీ చాలక సగంలో ఆగి గరగరలాడుతుంటే మధ్యలో సందు మిగిలి, మామూలు కన్నా కొన్ని రెట్లు లాగుతుంది. కాసేపటికే కాయిల్ తీగ మీది వార్నిష్ మాడిన వాసన! ఉప్పుగాలికి ఆనే ముఖాలు తుప్పుపట్టినా ఇదే గోల.

అపోహ: 10 ఆంపియర్లని రాసున్న చిన్న కంట్రోల్ రిలేకు 10 ఆంపియర్ల లోడ్ ఏదైనా ఇవ్వొచ్చు.

వాస్తవం: ఆ పక్కనే 250 వోల్టుల ఏసీ, 30 వోల్టుల డీసీ అని కూడా ఉంటుంది, చదవరు. మన 50 హెర్ట్జ్ ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది, పాయింట్ల మధ్య మంట అక్కడ ఆరుతుంది. డీసీకి ఆ వెసులుబాటు లేదు. సోలార్ ప్యానెళ్ల లైన్‌ను ఈ రిలేతో ఆపబోతే పాయింట్లు పోతాయి. మోటారును కూడా దీనిమీద నేరుగా పెట్టకండి, స్టార్టింగులో అది ఆరేడు రెట్లు లాగుతుంది. రిలేతో కాంటాక్టర్ కాయిల్‌ను నడపండి.

అపోహ: నల్లబడ్డ పాయింట్లను ఎమెరీ పేపరుతో రుద్దాలి.

వాస్తవం: వద్దు. నలుపుతోనూ పనిచేస్తాయి. రుద్దితే పైనున్న వెండి మిశ్రమం పోతుంది. గుంతలు పడితే మూడు ఫేజులవీ ఒకేసారి మార్చండి. అదీ మెయిన్ తీసి, మీటరుతో చూశాకే.