నెల్లూరు నేల కింది మురుగు పైపులు: వయసు కాదు, ఒంటి తీరు చూడాలి

నెల్లూరు మున్సిపాలిటీ 1866లో ఏర్పడింది, 2004లో కార్పొరేషన్ అయింది. అన్నేళ్లూ ఊరి మురుగు సైడు కాలువల్లోనే పారింది. అందులో చాలా భాగం పొలాలకు నీళ్లిచ్చే జాఫర్ సాహెబ్ కాలువలోకో, సర్వేపల్లి కాలువలోకో చేరింది. సైడు కాలువ చెడితే వాకిట్లోనే తెలిసిపోతుంది. పూడికా, కంపూ దాగవు. కేంద్ర ప్రభుత్వ రుణ సంస్థ హడ్కో అప్పుతో యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) పనులు మొదలై వీధులు తవ్వాక ఆ మురుగు నేల కింది పైపుల్లోకి దిగుతోంది. ఇక అక్కడ ఏం చెడినా నేల మీద ఉన్నవాళ్లకు తెలియదు. నా దిగులంతా అదే.

నేలలోని పైపు ఎలా చెడుతుందో ప్రపంచం ఆలస్యంగానే తెలుసుకుంది. సిమెంటు పైపుల్లో మురుగు నిలిస్తే కుళ్లు గుడ్డు వాసన గ్యాసు పుడుతుంది. అది పైకి లేచి తడిసిన పైకప్పుకు పట్టి, అక్కడ గంధకామ్లంగా మారి సిమెంటును తినేస్తుంది. ఆ మార్పు సూక్ష్మజీవుల పని అని 1945లో మెల్‌బోర్న్ పైపులను పరీక్షించిన సి.డి. పార్కర్ చూపించాడు. పైపు అడుగు బాగానే ఉండి, తల మీద పిండిపిండిగా రాలుతుంది. ప్లాస్టిక్ పైపును ఆమ్లం తినదు గానీ, చుట్టూ మట్టి సరిగా దట్టించకపోతే అది అణిగి గుడ్డు ఆకారానికి వస్తుంది.

అసలు పాఠం బ్రిటన్‌లో దొరికింది. వందేళ్లు దాటిన మురుగు మార్గాలు కూలడం మొదలయ్యాక, అక్కడి వాటర్ రీసెర్చ్ సెంటర్ 1980లో, పైపులోకి దింపిన కెమెరాలో కనిపించే లోపాలను ఒకే తీరుగా రాసే పద్ధతి తెచ్చింది. పైపు స్థితికి 1 నుంచి 5 దాకా గ్రేడు ఇస్తారు, 5 అంటే కూలడానికి సిద్ధంగా ఉన్నట్టు. పైపు ఫలానా రోజున కూలుతుందని ఎవరూ చెప్పలేరని కూడా వాళ్లే తేల్చారు. కూలడం దశలవారీగా జరుగుతుంది. ముందు పగులు, లేదా వదులైన జాయింటు. ఆ సందులోంచి భూగర్భజలం లోపలికి వస్తూ మట్టిని కూడా లాక్కొస్తుంది. పైపు చుట్టూ మట్టి ఖాళీ అవుతుంది. చివరికి ఓ పెద్ద వానో, పక్కనే ఇంకొకరి తవ్వకమో చాలు. మధ్యలోని ఆ మట్టి పోయే దశకు ఏళ్లు పడుతుంది, కనిపెట్టడానికి వీలున్నదీ అప్పుడే.

ఈ వరస చదివినప్పుడల్లా నాకు మన నవంబర్ గుర్తొస్తుంది. ఈశాన్య రుతుపవనాలు, 2015లో, 2021లో చూసిన వరదలు, ఊరి పొడవునా పంట కాలువలు, పెన్నా పక్కన పైకి లేచే భూగర్భజలం. వదులు జాయింటుకు ఇంతకన్నా చెడ్డ రుతువు లేదు. అందుకే పైపు కొత్తదన్న ధీమా నాకు లేదు. ఇళ్ల కనెక్షన్లు తక్కువగా ఉన్న కొత్త లైనులో నీరు నెమ్మదిగా పారుతుంది. వేగం సెకనుకు 0.6 మీటర్ల కన్నా తగ్గితే మడ్డి అడుగున పేరుకుంటుంది, గ్యాసు పుట్టేదీ అక్కడే.

ప్రమాదం లెక్క రెండు ప్రశ్నలు కలిపి వేస్తారు: కూలే అవకాశం ఎంత, కూలితే నష్టం ఎంత? రైలు పట్టాల కింద, ట్రంకు రోడ్డు కింద, కాలువ గట్టు పక్కన, మంచినీళ్ల పైపుకు ఆనుకుని పోయే మురుగు పైపుకు గ్రేడు 3 వచ్చినా ముందు దాన్నే బాగు చేయాలి. సందు చివరి చిన్న పైపు గ్రేడు 4 అయినా కొంత ఆగగలదు. అన్నింటినీ ఒకే వరసలో పెట్టే నగరం డబ్బు వృథా చేసుకుంటుంది.

కెమెరా తనిఖీ గురించి మన కేంద్ర ప్రభుత్వపు 2013 మురుగునీటి మాన్యువల్‌లోనూ ఉంది. రక్షణ లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించడాన్ని నిషేధించిన చట్టం కూడా అదే ఏడాదిది. కెమెరా దిగిన చోట మనిషి దిగాల్సిన పని తగ్గుతుంది. ఈ కారణం ఒక్కటే చాలునని నా నమ్మకం.

పెద్ద ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. తెల్లవారుజామున 3 గంటలకు ఊరు నిద్రపోతుంది, మురుగు బాగా తగ్గాలి. ఆ వేళ పంపింగ్ స్టేషన్‌కు వచ్చే నీటిని మే నెలలో ఒకసారి, నవంబర్‌లో వాన వెలిసిన రోజుల్లో ఒకసారి కొలవాలి. నవంబర్ లెక్క చాలా ఎక్కువగా ఉంటే, ఆ అదనపు నీరు వాననీటి అక్రమ కనెక్షన్ల నుంచో, పగిలిన జాయింట్ల నుంచో వస్తున్నట్టే. కెమెరాను ముందు ఆ స్టేషన్‌కు చేరే లైనులోనే దింపాలి.