బయటి ఉష్ణోగ్రత సెన్సర్‌ను ఎండలో పెట్టకండి: మోటార్‌హోమ్ యజమానుల అపోహలు, వాస్తవాలు

"బయట ఎంత వేడిగా ఉందో తెలియాలంటే సెన్సర్‌కు ఎండ తగలాలి కదండీ!" విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చే కారవాన్ (మోటార్‌హోమ్, అంటే లోపలే ఉండి నిద్రపోయేలా చేసిన బండి) యజమానుల్లో చాలామంది ఈ మాటే అంటారు. ఇంజినీరింగ్ చదివినవారు కూడా అంటారు. ఈ ఒక్క నమ్మకం వల్ల డబ్బు పోగొట్టుకున్నవారిని, తీర్థయాత్ర మధ్యలో వెనక్కి తిరిగినవారిని, పసిపిల్లలతో భయపడి కూర్చున్నవారిని చూశాను. అందుకే దీని సంగతి ముందు తేలుస్తాను. మిగతా అపోహలు చిన్నవి, చివర్లో చకచకా చెబుతాను.

అపోహ: ఎండలో పెడితేనే సెన్సర్ అసలు వేడిని చూపుతుంది

ఏ సెన్సర్ అయినా తన ఒంటి వేడిని మాత్రమే చెప్పగలదు. చుట్టూ గాలి 41 డిగ్రీలే ఉన్నా, నేరుగా ఎండ పడితే దాని నల్లటి ప్లాస్టిక్ తొడుగు అంతకంటే బాగా ఎక్కువ వేడెక్కుతుంది. అప్పుడు డిస్‌ప్లే మీద కనిపించే 52 ఆ ప్లాస్టిక్ ముక్క ఉష్ణోగ్రత, గాలిది కాదు. అక్కడే తెల్ల తొడుగు ఉన్న సెన్సర్ పెడితే మరో అంకె వస్తుంది. గాలి వీస్తే ఇంకొకటి, మబ్బు అడ్డం వస్తే ఇంకొకటి. తొడుగు రంగును బట్టి మారిపోయే అంకెను వాతావరణం అని ఎలా నమ్ముతాం?

వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత ఎప్పుడూ నీడలోదే. గన్నవరంలో అయినా, ఎండలకు పేరుపడ్డ రెంటచింతలలో అయినా, థర్మామీటర్‌ను గాలి ధారాళంగా ఆడే తెల్లటి రెక్కల తొడుగులో, నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో ఉంచడమే పద్ధతి. ఆ రెక్కల పెట్టెను 19వ శతాబ్దంలో స్కాట్లాండ్‌కు చెందిన లైట్‌హౌస్ ఇంజినీర్ థామస్ స్టీవెన్‌సన్ రూపొందించాడు. ప్రపంచమంతటా ఇప్పటికీ ఆ సూత్రమే నడుస్తోంది. మైదాన ప్రాంతాల్లో 45 డిగ్రీలకు చేరితే వడగాలి, 47కు చేరితే తీవ్ర వడగాలి అని ప్రకటించేది కూడా ఈ నీడ అంకెలను బట్టే. మీ డిస్‌ప్లేలో 52 చూసి, "వాతావరణ శాఖ తక్కువ చేసి చెబుతోంది" అని వాట్సాప్‌లో ఫొటో పంపేవారిని దయచేసి నమ్మకండి. ఆ ఫొటోలు చూసి ఊళ్లో ముసలివాళ్లు ఎంత బెంబేలెత్తిపోతారో పంపేవారు ఒక్కసారైనా ఆలోచించాలి.

"మరి ఎండలో నిలబడితే మనకు అంత వేడి తగలదా?" అని అడుగుతారు. తగులుతుంది. ఉక్కపోతను కూడా కలిపి ఒంటికి ఎంత వేడి అనిపిస్తుందో చెప్పే పట్టికలు ఉన్నాయి. అవి నీడను దృష్టిలో పెట్టుకుని వేసినవి. నేరుగా ఎండలో ఉంటే దాదాపు 8 డిగ్రీల వరకు అదనంగా అనిపించవచ్చని వాటిలోనే హెచ్చరిక ఉంటుంది. అది శరీరం మీద పడే భారం. మీ ఏసీలో వేడిని బయటికి వదిలే భాగం, అంటే కండెన్సర్, పీల్చుకునేది మాత్రం గాలిని. మీరు కొలవవలసింది దాన్నే.

ఈ తేడా తెలియక ఎంత నష్టం జరుగుతుందో చెబుతాను. తెనాలి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. టెంపో ట్రావెలర్‌ను కారవాన్‌గా మార్పించుకున్నారు. భార్యకు ఇన్సులిన్ వాడాలి, ఆమెతో కలిసి గుళ్లన్నీ చూసి రావాలన్నది కోరిక. మే నెలలో మంగళగిరి దగ్గర బండి ఆపితే డిస్‌ప్లే 53 చూపింది. ఆయన హడలిపోయారు. ఇంత వేడిలో ఒక్క ఏసీ ఆగదని ఎవరో చెబితే పైకప్పు మీద రెండో ఏసీ పెట్టించారు. దానికి జనరేటర్ చాలక పెద్దది కొన్నారు. అంతా అయ్యాక కూడా 53 తగ్గలేదు. చివరికి మా దగ్గరకు వచ్చి, "బాబూ, ఈ బండి అమ్మేయమంటావా?" అన్నారు. నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాను. సెన్సర్‌ను పైకప్పుకు అతికించి ఉంచారు, అదీ ఏసీ కండెన్సర్ వేడిగాలి వదిలే పక్కనే. నెత్తిన ఎండ, కింద కాలిన రేకు, పక్క నుంచి కండెన్సర్ సెగ. పొయ్యి పక్కన నిలబడినవాడిని ఊరంతా ఎంత వేడిగా ఉందని అడిగినట్టు! దాన్ని తీసి ఎడమ అద్దం కిందికి మార్చాం. అదే మధ్యాహ్నం 43 చూపింది. లోపలి థర్మామీటర్ చూస్తే మొదటి ఏసీ ఒక్కటే నడుస్తున్నా 27 ఉంది. బండికి మొదటి నుంచీ ఏ జబ్బూ లేదు. ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ డబ్బు ఆయన పింఛను డబ్బు.

ఇంకొందరు బయటి సెన్సర్‌ను జనరేటర్ ఆటో స్టార్ట్‌కు కలుపుతారు. బయట ఇంత దాటితే జనరేటర్ దానంతట అదే ఆన్ కావాలన్న లెక్క. సెన్సర్ ఎండలో ఉంటే ఉదయం తొమ్మిదికే జనరేటర్ లేచి కూర్చుంటుంది. డీజిల్ ఎందుకు ఇంత తాగుతోందని మెకానిక్‌ల చుట్టూ తిరుగుతారు.

అపోహ: ఉత్తరం వైపు పెడితే ఎండ పడదు

చలిదేశాల వారి సలహాలు చదివి వచ్చే మాట ఇది. అక్కడికి అది నిజమే, మనకు కాదు. విజయవాడ, గుంటూరు ఉన్నది సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. మే మొదటి వారం దాటాక సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరానికి వెళ్లిపోతాడు, ఆగస్టు మొదటి వారం వరకు తిరిగి రాడు. ఆ రోజుల్లో ఈశాన్యం వైపు ఉదయించి, వాయవ్యం వైపు అస్తమిస్తాడు. మధ్యలో కూడా ఉత్తరం వైపే నడుస్తాడు. అంటే రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఉత్తరపు గోడకే ఎండ, దక్షిణపు గోడకే నీడ! ఇది ఇళ్ల సంగతి. బండికైతే దిక్కే ఉండదు. ఇవాళ ప్రకాశం బ్యారేజీ వైపు మొహం పెట్టి ఆగుతుంది, రేపు శ్రీశైలం ఘాట్‌లో మరోవైపు తిరుగుతుంది. కాబట్టి దిక్కును నమ్ముకోకండి. బండి ఎటు తిరిగినా తన నీడను తానే మోసుకుపోయే చోటు కావాలి.

అపోహ: ఎక్కువ చూపితే సెట్టింగ్‌లో పది డిగ్రీలు తగ్గించుకుంటే సరి

దీనికి నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే పని చేసేవాళ్లే ఈ సలహా ఇస్తున్నారు. మధ్యాహ్నం పది డిగ్రీలు ఎక్కువ చూపే సెన్సర్ సాయంత్రం రెండే ఎక్కువ చూపుతుంది, రాత్రి అసలు తక్కువ చూపవచ్చు. పది తగ్గించి పెడితే మధ్యాహ్నం సరిపోయినట్టు కనిపించి, రాత్రి 26 ఉన్నప్పుడు 16 అంటుంది. సవరణ అన్నది సెన్సర్ లోపానికి మందు, చోటు లోపానికి కాదు.

రెండింటిలో ఏది తప్పో తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. సూర్యోదయానికి ముందు, బండి రాత్రంతా ఇంజిను, ఏసీ, జనరేటర్ ఏవీ నడవకుండా చెట్టు కిందో షెడ్డులోనో ఆగి ఉన్నప్పుడు, మామూలు థర్మామీటర్‌ను సెన్సర్ పక్కన పావుగంట వేలాడదీయండి. రెండూ ఒక డిగ్రీ అటూ ఇటూగా కలిస్తే సెన్సర్ బాగున్నట్టు. ఆ రోజే మధ్యాహ్నం, బండి ఆరుబయట ఉండగా, థర్మామీటర్‌ను గాలి ఆడే నీడలో పెట్టి మళ్లీ చూడండి. అప్పుడు తేడా వస్తే తప్పు చోటుది. తెల్లవారుజామునే తేడా ఉంటే సెన్సర్‌ను, దాని తీగను అనుమానించండి. ఇంకా సందేహం ఉంటే దంచిన మంచుముక్కలు, నీళ్లు కలిపి బాగా తిప్పుతూ అందులో సెన్సర్ ముంచండి, సున్నా చూపాలి.

రాత్రి తక్కువ చూపవచ్చు అన్నాను కదా, అది కూడా పైకప్పు పనే. మబ్బు లేని రాత్రి పైకప్పు రేకు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి గాలికంటే చల్లబడుతుంది. తెల్లవారేసరికి దాని మీద మంచు పట్టేది అందుకే. డిసెంబరులో లంబసింగి వెళ్లిన గుంటూరు కుటుంబం ఒకటి డిస్‌ప్లేలో ఒక డిగ్రీ చూసి భయపడింది. నీళ్ల పైపులు గడ్డకడతాయేమో, పిల్లలకు ఏమవుతుందో అని హీటర్ కోసం కిటికీ పక్కనే జనరేటర్ రాత్రంతా నడిపారు. పక్క గుడారం వాళ్ల థర్మామీటర్ అప్పుడు ఐదు చూపుతోందట. పొద్దున్న అందరికీ తలనొప్పి. అది చలి వల్ల వచ్చిన తలనొప్పి అనుకున్నారు. నాకు మాత్రం ఆ మాట వినగానే గుండె జారిపోయింది. జనరేటర్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలి ఎంత ఉన్నా నిద్రపోయే బండి పక్కన జనరేటర్ గానీ ఇంజిను గానీ నడపకండి. దుప్పట్లు కప్పుకోండి.

మరి ఎక్కడ పెట్టాలి?

నా మొదటి ఎంపిక పక్క అద్దం అడుగుభాగం. అద్దం డొప్పే నీడ ఇస్తుంది. బాడీకి దూరంగా గాలిలోకి చొచ్చుకుని ఉంటుంది, ఎత్తు కూడా వాతావరణ కేంద్రాల పద్ధతికి దగ్గరగా పడుతుంది. యూరప్‌లో మోటార్‌హోమ్‌లకు ఎక్కువగా వాడే ఫియట్ డుకాటోకు కంపెనీ వాళ్లే సెన్సర్‌ను అద్దంలో అమర్చారు. మీ అద్దాలకు హీటర్ తీగలు ఉంటే మాత్రం వాటికి దూరంగా పెట్టండి.

అద్దం వీలుకాకపోతే వెనకవైపు ఫ్లోర్ అంచు కింద, బాడీ స్కర్ట్ లోపలి నీడలో. అప్పుడు సైలెన్సర్, జనరేటర్, ఫ్రిజ్ వేడిగాలి జాలీ ఏ పక్కన ఉన్నాయో చూసుకుని వాటికి ఎదురుపక్క ఎంచుకోవాలి. మధ్యాహ్నం తారు రోడ్డు మీద బండి ఆపితే ఇక్కడ కొంచెం ఎక్కువే చూపుతుంది, ఎందుకంటే కాలిన తారు పక్కన గాలి నిజంగానే వేడిగా ఉంటుంది. మట్టి నేల మీద, చెట్టు కింద ఆపితే ఆ తేడా తగ్గిపోతుంది. ముందు బంపర్ వెనక పెట్టడం కార్లలో మామూలు. నడుస్తున్నంతసేపు బాగుంటుంది, ఆగగానే రేడియేటర్ సెగ వచ్చి తగులుతుంది. కార్లలో అలా ఆగినప్పుడు అంకె పెరగకుండా పట్టి ఉంచే ప్రోగ్రామ్ ఉంటుంది. మనం విడిగా కొన్న డిస్‌ప్లేల్లో అది సాధారణంగా ఉండదు. మోటార్‌హోమ్ ఎక్కువసేపు ఆగి ఉండే బండి కాబట్టి ఆ చోటు దీనికి నప్పదు.

ఎక్కడ పెట్టినా రేకుకు నేరుగా బిగించకండి. మధ్యలో ఎడం ఉండేలా రెండు మూడు సెంటీమీటర్ల నైలాన్ ముక్క (స్పేసర్) వేయండి, లేకపోతే రేకు వేడి సెన్సర్‌లోకి పాకుతుంది. చాలామంది గమనించనిది మరొకటి ఉంది. సెన్సర్ నీడలోనే ఉన్నా దాని తీగ చివరి జానెడు ఎండలో ఉంటే రాగి ఆ వేడిని మోసుకొచ్చి సెన్సర్‌కు అందిస్తుంది. తీగకు కూడా నీడ కావాలి. వాతావరణ యంత్రాలకు అమ్మే తెల్లటి పళ్లేల తొడుగు దొరికితే మంచిది. దొరకకపోతే తెల్ల పీవీసీ పైపు ముక్కకు పైన మూత పెట్టి, చుట్టూ పెద్ద రంధ్రాలు చేసి, అడుగు తెరిచి ఉంచి, సెన్సర్ గోడకు తగలకుండా మధ్యలో వేలాడదీయండి. సిలికాన్‌తో అంతా మూసేసి, "వాన నీరు పోదు సార్" అని మురిసిపోయే పని చూస్తుంటాను. నీళ్లతో పాటు గాలి కూడా పోదు, అప్పుడు అది కొలిచేది దేన్ని?

ఇక మిగతావి

"తీగ పొడవైతే తప్పు చూపుతుంది." మనం వాడే 10కే థర్మిస్టర్‌కు (వేడిని బట్టి విద్యుత్ నిరోధం మారే సెన్సర్) ఈ భయం అక్కర్లేదు. 40 డిగ్రీల దగ్గర దాని నిరోధం డిగ్రీకి రెండు వందల ఓమ్‌లకు పైగా మారుతుంది. పది మీటర్ల తీగ కలిపే ఒకటి రెండు ఓమ్‌లు నూరో వంతు డిగ్రీ. రెండు తీగల పీటీ100 (ప్లాటినం సెన్సర్) అయితే మాత్రం అదే తీగ సుమారు మూడు నుంచి ఐదు డిగ్రీల తప్పు తెస్తుంది.

"బండి వేగంగా పోతే గాలికి తక్కువ చూపుతుంది." పొడిగా ఉన్న సెన్సర్‌ను గాలి తన ఉష్ణోగ్రతకంటే కిందికి దించలేదు. గాలి ఆడితే అంకె ఇంకా నిజానికి దగ్గరవుతుంది. తడిసి ఉంటేనే తక్కువ చూపుతుంది, ఆరగానే సర్దుకుంటుంది.

"ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో పోల్చి చూశాను, తేడా ఉంది." ఉంటుంది. అది ఎదురుగా ఉన్న వస్తువు ఉపరితలాన్ని కొలుస్తుంది, గాలిని కాదు.

"బండి స్టార్ట్ చేయగానే 85 చూపింది, ఎక్కడో కాలిపోతోంది." డీఎస్18బీ20 రకం డిజిటల్ సెన్సర్‌కు కరెంటు అందగానే మొదట ఉండే అంకె 85. ఒక్క క్షణం కనిపించి పోతే పట్టించుకోకండి. మాటిమాటికీ వస్తుంటే కనెక్షన్ వదులుగా ఉండి కరెంటు తెగి తెగి వస్తోందన్నమాట.

"వాన పడ్డాక వేడి పెరిగినట్టు చూపుతోంది, సెన్సర్ పాడైంది." సెన్సర్ కాదు, జాయింట్. థర్మిస్టర్‌లో వేడి పెరిగితే నిరోధం తగ్గుతుంది. జాయింట్‌లో నీళ్లు చేరినా నిరోధం తగ్గుతుంది, డిస్‌ప్లే దాన్ని వేడి అనుకుంటుంది. జాయింట్ తుప్పు పడితే దీనికి వ్యతిరేకంగా తక్కువ చూపుతుంది. చక్రాల మీద నుంచి బురద చిమ్మే చోట జాయింట్ వేయకండి. టేపు చుట్టి వదిలేయకుండా, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే ముడుచుకుని బిగిసే గొట్టం) వేసి, జాయింట్‌కు ముందు తీగను కిందికి ఒక వంపు తిప్పి బిగించండి. నీళ్లు ఆ వంపు దగ్గరే జారి పడిపోతాయి.