ఇంటి పన్ను రసీదులో ఆ ఒక్క లైను

ఇంటి పన్నుతో కలిపి లైబ్రరీల కోసం వసూలు చేసే గ్రంథాలయ సెస్సు బకాయిల గొడవ మళ్ళీ లేచింది. ఇంటి పన్ను వసూళ్ళ హడావుడి మొదలైనప్పుడల్లా ఇదే తంతు. లైబ్రరీలో చదువుకునే పిల్లలు "మా పైసలేవి" అంటారు, మున్సిపాలిటీ వాళ్ళు "వసూలైతే కదా ఇచ్చేది" అంటారు, మధ్యలో ఎవరో ఒకరు "ఫోన్‌లో అన్నీ దొరుకుతుంటే ఇంకా ఈ లైబ్రరీలెందుకు" అని ఒక రాయి వేసి పోతారు. నిన్న ఒక మిత్రుడు ఫోన్ చేసి, అసలు ఈ లెక్క ఎక్కడ మొదలైందో రాత్రికల్లా రాసిపెట్టు అన్నాడు. అందుకే కూర్చున్నాను. వంకరటింకరగా ఉంటే సర్దుకోండి.

1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో మన హన్మకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం, నిజాం జమానాలో తెలుగు పుస్తకం చేతబట్టడమే ఒక ఉద్యమమైన సంగతి, ఇవన్నీ ఓరుగల్లు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ప్రతి సభలోనూ వింటూనే ఉన్నాం. అందులో ఇప్పటి గొడవకు పనికొచ్చే ముక్క ఒకటే ఉంది. అప్పట్లో చందా వేసుకున్నవాళ్ళే కమిటీలో కూర్చునేవారు, వాళ్ళే పుస్తకాలు తెప్పించేవారు, వాళ్ళే చదివేవారు. డబ్బు ఎటు పోయిందని అడగాలంటే పక్క కుర్చీలో మనిషిని అడిగితే సరిపోయేది.

అసలు మలుపు 1960 అని నా లెక్క. అంతకుముందు తెలంగాణలో 1955 నాటి హైదరాబాద్ గ్రంథాలయాల చట్టం ఉండేది, ఆంధ్ర ప్రాంతంలో 1948 నాటి మద్రాసు చట్టం ఉండేది. రాష్ట్రం ఒకటయ్యాక రెండింటినీ కలిపి 1960లో ఒకే చట్టం చేశారు. జిల్లాలోని లైబ్రరీలను నడపడానికి జిల్లాకో గ్రంథాలయ సంస్థ వచ్చింది. మంచి చట్టమే, కాదనను. చందాల మీద, దొరల దయ మీద ఆధారపడే గ్రంథాలయానికి ఒక సొంత పన్ను ఉండాలన్న ఆలోచన చిన్నదేం కాదు. ఊరిలో ఇల్లున్న ప్రతివాడూ ఇంత వేస్తే, ఇల్లు లేనివాడు కూడా వచ్చి ఉచితంగా చదువుకోవచ్చు. దేశంలో చాలా రాష్ట్రాలకు ఈ మాత్రం ఏర్పాటు కూడా లేదు.

కానీ ఆ చట్టంలోనే ఒక ముడి పడింది. పన్ను ఎవరి పేరు మీద వేశారో వాళ్ళు వసూలు చేయరు. సెస్సు ఇంటి పన్నుకు తోకలాగా వస్తుంది, ఇప్పుడు రూపాయికి 8 పైసలు. వసూలు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్. ఖర్చు పెట్టాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థ. చెయ్యి ఒకరిది, సంచి ఇంకొకరిది. అరవై ఏళ్ళుగా నడుస్తున్న పేచీ అంతా ఆ చేతికీ సంచికీ మధ్య ఉన్న జాగాలోనే ఉంది.

మీ ఇంటి పన్ను కాగితం ఒకసారి తీసి చూడండి. మొత్తం అంకె చూసి కట్టేస్తాం తప్ప లోపలి లైన్లు ఎవరూ చదవరు, నేనూ చదివేవాణ్ణి కాదు. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక లైను ఉంటుంది. 3,000 రూపాయల ఇంటి పన్ను మీద సెస్సు 240. అంటే ఒక మామూలు కాలనీ ఇల్లు ఏటా ఒక మంచి పుస్తకం కొనిపెడుతోందన్నమాట. పది వేల ఇళ్ళున్న పట్టణంలో సగటున అంతే పడినా 24 లక్షలవుతుంది. ఒక జిల్లా కేంద్ర గ్రంథాలయానికి పత్రికలు, పుస్తకాలు, కరెంటు, ఫ్యాన్ల మరమ్మతు అన్నీ అందులో వెళ్ళిపోతాయి. సిబ్బంది జీతాలు ప్రధానంగా సర్కారు గ్రాంటు మీద నడుస్తాయి, మిగతా ఖర్చుకు దిక్కు ఈ సెస్సే. అందుకే సెస్సు ఆగితే తలుపు మూతపడదు. తలుపు తెరిచే ఉంటుంది, లోపల కొత్త పుస్తకం ఉండదు, అంతే. బయటి నుంచి చూసేవాడికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

మున్సిపాలిటీల వాదన కూడా ఉంది, చెప్పకపోతే తప్పవుతుంది. వీధిదీపాల కరెంటు బిల్లు, చెత్త బండ్ల డీజిల్, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, ఇవి ఒక నెల ఆగితే ఊరు కంపు కొడుతుంది. లైబ్రరీకి ఏడాది ఇవ్వకపోయినా ఎవరూ రోడ్డెక్కరు. పైగా ఇంటి పన్నే పూర్తిగా రాదు. ఇది నిజమే. కాకపోతే వచ్చిన దాంట్లో 8 పైసలు మీవి కావు కదా అంటే జవాబు ఉండదు. కాగితం మీద సెస్సు వేరే పద్దు, ఖాతాలో మాత్రం చాలాచోట్ల అంతా ఒకే కుప్ప. కుప్పలోంచి ముందు గట్టిగా అరిచినవాడికి పోతుంది. సంస్థ తరఫున ఉత్తరం రాస్తారు, తర్వాత గుర్తుచేస్తూ ఇంకో ఉత్తరం రాస్తారు. సంస్థ ఛైర్మన్ గట్టివాడైతే ఎమ్మెల్యే చేత ఫోన్ చేయిస్తాడు, కొంత విడుదలవుతుంది. ఆ పదవి నామినేటెడ్, ప్రభుత్వం మారితే కుర్చీలో మనిషి మారతాడు, కొత్తాయన ఫైలు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడతాడు.

ఇక మన ఊరి సంగతి. వరంగల్ 1994లో కార్పొరేషన్ అయింది. 2013లో చుట్టూ ఉన్న 42 గ్రామాలను కలిపారు, 2015లో గ్రేటర్ అన్నారు. ఆ 42 ఊళ్ళలో అప్పటిదాకా పంచాయతీ కార్యదర్శి ఇంటింటికీ తిరిగి వసూలు చేసిన పన్ను, దాని తోక సెస్సుతో సహా, నగరం ఖాతాలోకి వచ్చింది. పన్ను నగరం లెక్కకు పెరిగింది సరే, ఆ ఊళ్ళల్లో పేపర్ చదువుకునే గది ఎన్నిచోట్ల మెరుగైందో అక్కడివాళ్ళనే అడగండి.

ఆ తర్వాత 2016 అక్టోబర్ 11. పాత వరంగల్ జిల్లా ముక్కలై వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరైంది. కలెక్టరేట్ దగ్గరైంది, ఆసుపత్రి దగ్గరైంది, జనం సంతోషించారు, సంతోషించాల్సిందే. ఏటూరునాగారం మనిషి ఒక సంతకం కోసం వంద కిలోమీటర్ల బస్సెక్కి హన్మకొండ రావడమంటే మాటలా. కానీ గ్రంథాలయం పద్దులో మాత్రం లెక్క తిరగబడింది. ఈ సంగతి అప్పుడు ఎవరూ మాట్లాడినట్టు నాకు గుర్తులేదు.

ఎలాగంటే, సెస్సు పుట్టేది ఇంటి పన్నులోంచి. ఇంటి పన్ను పుట్టేది బిల్డింగుల్లోంచి. బిల్డింగులున్నది హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లో. పాత జిల్లాలో నగరం సెస్సు, అడవి మండలం సెస్సు ఒకే సంచిలో పడేవి, కాబట్టి హన్మకొండ చౌరస్తా షాపు కట్టిన 8 పైసలతో తాడ్వాయి దిక్కు శాఖా గ్రంథాలయానికి ఒక పత్రిక కొనడానికి వీలుండేది. చేశారా లేదా అన్నది వేరే మాట, వీలైతే ఉండేది. జిల్లాలు విడిపోయాక ఆ దారి మూసుకుపోయింది. ములుగు సంస్థకు ములుగు ఇళ్ళ పన్నే ఆధారం. పెంకుటిళ్ళు, ఇందిరమ్మ ఇళ్ళు, గూడేలు, తండాలు, వాటి మీద పన్నెంత, ఆ పన్నులో 8 పైసలెంత? ఆ పైన 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు కూడా పంచాయతీలయ్యాయి. గౌరవం దక్కింది, పన్ను వేసే అధికారం దక్కింది, వేయడానికి ఆస్తులు లేవు. పుస్తకం ఎక్కడ ఎక్కువ అవసరమో సెస్సు అక్కడే తక్కువ పడుతోంది. 1960లో వేసిన ముడి 2016లో బిగిసిందని నేననేది ఇందుకే.

2021లో ఇంకో మెలిక పడింది. అర్బన్ జిల్లా పేరు హన్మకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది, నగరంలోని వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు ఆ వరంగల్ జిల్లాలోకి పోయాయి. అంటే నగరం ఒకటే, జిల్లాలు రెండు. నేనుండేది హన్మకొండ వైపు, మా బావమరిది ఇల్లు మట్టెవాడలో. ఇద్దరం ఒకే కార్పొరేషన్‌కు పన్ను కడతాం, మా ఇద్దరి రసీదులో ఒకే లైను. ఆయన 8 పైసలు ఏ జిల్లా సంస్థకు పోవాలి, నావి ఏ సంస్థకు పోవాలి? చదువుకున్నవాళ్ళే కదా, చెబుతారని ఒక అధికారిని అడిగితే "అది అకౌంట్స్ వాళ్ళకు తెలుస్తది సార్" అన్నాడు. అకౌంట్స్ వాళ్ళేమో పై ఆఫీసుకు చెయ్యి చూపించారు.

ఇన్నేళ్ళు ఎవరూ పట్టించుకోని లెక్క ఇప్పుడే ఎందుకు అరుపుల దాకా వచ్చిందంటే 2022 మార్చి 9 గుర్తుచేసుకోవాలి. ఆ రోజు అసెంబ్లీలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ 80,039 ఉద్యోగాలు భర్తీ చేస్తామన్నారు. దాంతో లైబ్రరీల రూపమే మారింది. అంతకుముందు పేపర్ చదివే రిటైర్డ్ మాస్టార్లు, ఎండకు నీడ వెతుక్కునేవాళ్ళు ఉండేవారు. రాత్రికి రాత్రి కుర్చీల కోసం యుద్ధం మొదలైంది. గ్రూప్ 1 ప్రిలిమ్స్ రాసి, పేపర్ లీకై అది రద్దయి, మళ్ళీ అదే బెంచీకి వచ్చి కూర్చున్న పిల్లలున్నారు. నోటిఫికేషన్ వస్తే టెన్షన్, రాకపోతే ఇంకా టెన్షన్.

ఒక రీడింగ్ హాల్‌కు మొన్న వెళ్ళాను, ఏ ఊరిదో చెప్పను. కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి సైకిల్ గొలుసుతో ఊచకు కట్టేసి ఉంది. మీద దిండు, దిండు మీద టిఫిన్ డబ్బా. నేను చూస్తుంటే నర్సంపేట దిక్కు పిల్లగాడొకడు వచ్చి, "అన్నా, గది నాదే. సర్కారు కుర్చీలు సరిపోతలేవని ఇంటికాడికెళ్ళి తెచ్చుకున్న" అన్నాడు. ఏం పుస్తకాలు చదువుతున్నావ్ తమ్మీ అంటే అన్నీ సొంతవే, కోచింగ్ మెటీరియల్ జిరాక్సులు. ఇక్కడి పుస్తకాలు ముట్టుకోవా అంటే నవ్వి, బీరువాలోంచి ఒక జనరల్ నాలెడ్జ్ పుస్తకం తెచ్చి చూపించాడు. తెలంగాణలో జిల్లాలు 10 అని ఉంది అందులో. ఇప్పుడున్నవి 33. "గిది సదివి పరీక్ష రాస్తే నా బతుకు ఇంతే సంగతి" అన్నాడు.

ఫోన్‌లో అన్నీ దొరుకుతాయనే పెద్దమనుషులకు నేను వేరే జవాబు ఇవ్వను, ఆ హాల్లో ఒక గంట కూర్చోమంటాను. అక్కడ ప్రతివాడి దగ్గరా ఫోన్ ఉంది. వాళ్ళు వచ్చింది ఫ్యాన్ కోసం, నిశ్శబ్దం కోసం, నలుగురు చదువుతుంటే తామూ చదవగలమన్న ధైర్యం కోసం. ఒకే గదిలో ఐదుగురుండే ఇంట్లో అది దొరకదు. వాళ్ళు అడుగుతున్న జాబితా చూస్తే జాలేస్తుంది. ఇంకో యాభై కుర్చీలు, తాగునీళ్ళు, ఆడపిల్లలకు తలుపు గడియపడే బాత్రూం, ఈ ఏడాది పుస్తకాలు, రాత్రి ఇంకో రెండు గంటలు. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ ఫౌండేషన్ 1972 నుంచి గ్రంథాలయాలకు సాయం చేస్తోంది, అందులో ఒక పద్దుకు రాష్ట్రం తన వాటా కలిపితేనే వాళ్ళ వాటా వస్తుంది. అంటే మన సంచి ఖాళీగా ఉంటే వచ్చే సాయానికీ చెయ్యి చాపలేం.

పంచాయతీల మాట కూడా ఒకటి. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిశాక దాదాపు రెండేళ్ళు ప్రత్యేకాధికారులే నడిపారు. పల్లె సెస్సు గురించి నిలదీయడానికి ఊళ్ళో ఎన్నికైన మనిషే లేడు. 2025 డిసెంబర్‌లో ఎన్నికలయ్యాయి కాబట్టి ఇకనైనా గ్రామసభలో ఈ లైను గురించి ఒకరు లేచి అడగొచ్చు.

నా వరకు నేను సమాచార హక్కు కింద దరఖాస్తు రాసిపెట్టుకున్నాను, పది రూపాయల ఫీజుతో సహా. రెండే ప్రశ్నలు. మా డివిజన్ నుంచి పోయిన ఏడాది గ్రంథాలయ సెస్సు కింద ఎంత వసూలైంది? అందులో ఎంత, ఏ తేదీన, హన్మకొండ సంస్థకా వరంగల్ సంస్థకా జమ చేశారు? ముప్పై రోజుల్లో జవాబు రావాలి. మా బావమరిది అదే కాగితం జిరాక్స్ తీసుకుని మట్టెవాడ నుంచి ఇంకోటి వేస్తానన్నాడు.